తుపాకీ ఆపకండి మేడమ్!

అండమాన్‌లో చలికాలం క్యాలెండరులో తప్ప ఇంకెక్కడా కనబడదు. డిసెంబరులో కూడా చెమటలే. అలాంటి ఒక డిసెంబరు ఉదయం ఎన్.సి.సి. అమ్మాయిలకు తోడుగా ఫైరింగ్‌కు వెళ్లాను. నేను ఎన్.సి.సి. టీచర్ని కాను. అమ్మాయిల వెంట ఒక మేడమ్ ఉండాలి కాబట్టి, ఆ రోజు నాకు ఖాళీ పీరియడ్లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి, నన్ను పంపారు. తలా ఐదు తూటాలు. పాయింట్ టూ టూ రైఫిల్. నేల మీద బోర్లా పడుకుని, 25 మీటర్ల దూరంలో ఉన్న కాగితాన్ని కొట్టాలి.

వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. నాన్నగారు నౌకాదళంలో పనిచేస్తారు. సెప్టెంబరులో జామ్‌నగర్ నుంచి వచ్చింది. ఇది ఆమెకు నాలుగో బడి. మిగతా పిల్లల కాగితాల మీద రెండో మూడో చిల్లులు పడ్డాయి. ఈ అమ్మాయి కాగితం మాత్రం ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. ఒక్క చిల్లూ లేదు. అక్కడున్న ఒకాయన నవ్వుతూ, "నీకు చేతకాదులే, వదిలెయ్యి" అన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు. కానీ మాట మాటే కదా!

తిరుగు ప్రయాణంలో, బస్సులో, ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. పక్కన కూర్చుని, "పోనీలే, మళ్లీసారి తగుల్తాయి" అన్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూ, "ఇక్కడ వద్దు మేడమ్. ఇంకో బడికి వెళ్లాక నేర్చుకుంటా. అక్కడ ఎవరికీ తెలీదు కదా" అంది.

పిల్లలూ, ఈ మాటకు అర్థం మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేనూ ఊళ్లు మారుతూనే ఉన్నాను. ఈ ఊళ్లో రాని పనిని పక్క ఊళ్లో కొత్తగా మొదలుపెట్టడం నాకూ అలవాటే. కానీ ఆ అమ్మాయికి ఎందుకు తగల్లేదో అక్కడ ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియలేదు. తెలిసింది ఆరు నెలల తర్వాత, హైదరాబాద్‌లో, నేను తుపాకీ పట్టుకున్న రోజున.

వేసవి సెలవుల్లో మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడు, "అక్కా, ఆదివారం షాట్‌గన్ క్లాసు ఉంది, మొదటిసారి వచ్చేవాళ్లకే. నీ పేరు కూడా ఇచ్చేశా" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకు తుపాకీ ఏమిట్రా అన్నాను. అన్నానే గానీ, ఎనిమిది మడతల కాగితం గుర్తొచ్చింది. సరే, ఒకసారి చూద్దాం అనుకున్నాను.

ఊరి శివార్లలో పెద్ద మైదానం. నేర్పేది సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. మేము ఎనిమిది మందిమి. మొదటి గంటసేపు ఒక్క తూటా కూడా చేతికివ్వలేదు. ఆయన ముందు చెప్పినవి ఏ తుపాకీకైనా వర్తించే మాటలు. చేతిలో ఉన్నది ఖాళీ తుపాకీ అని నీకు తెలిసినా నిండుదనే అనుకో. గొట్టం మూతి మనిషి వైపు ఎప్పుడూ తిరగకూడదు, ఆటకైనా సరే. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనక ఏముందో చూసుకో. ఇవి ఆయన నాలుగుసార్లు చెప్పారు. మాచేత నాలుగుసార్లు చెప్పించారు. ఎక్కాలు అప్పజెప్పించినట్టే.

ఆటల్లో వాడే షాట్‌గన్‌కు సాధారణంగా రెండు గొట్టాలుంటాయి, ఒకదాని మీద ఒకటి. మధ్యలో మడత ఉంటుంది. మీట నొక్కితే తుపాకీ నడుము దగ్గర వంగిపోతుంది. రేంజ్‌లో నడిచేవాళ్లందరూ దాన్ని అలా వంచే, తూటాలు లేకుండా, పట్టుకుని తిరుగుతారు. ఎందుకంటే వంగిన తుపాకీ పేలదు. అది ఖాళీగా ఉందో లేదో పది అడుగుల దూరం నుంచి ఎవరికైనా కనబడుతుంది. నీ మాట నమ్మాల్సిన పని ఎదుటివాడికి లేదు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు "ట్వెల్వ్ బోర్" అంటే ఏమిటో చెబుతాను. సినిమాల్లో వినే ఉంటారు. ఆ 12 అంగుళాలు కాదు, మిల్లీమీటర్లు కాదు. పాతకాలపు లెక్క అది. ఒక పౌను సీసం, అంటే సుమారు 454 గ్రాములు, తీసుకుని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది 12 బోరు. గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. అదే పౌనును 20 గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. అందుకే 20 బోరు తుపాకీ 12 బోరు కన్నా చిన్నది. అంకె పెరిగితే తుపాకీ తగ్గుతుందన్నమాట. ఈ తిరకాసు వల్ల ప్రమాదం కూడా ఉంది. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటే, దాని వెనక ఇంకో తూటా పేల్చినప్పుడు గొట్టమే పగలొచ్చు. అందుకని 20 బోరు తూటాలను పసుపు రంగులో చేసే ఆచారం పెట్టుకున్నారు.

రైఫిల్‌కూ షాట్‌గన్‌కూ అసలు తేడా తూటాలో ఉంది. రైఫిల్ నుంచి ఒక్క గుండు పోతుంది. షాట్‌గన్ తూటా ఒక చిన్న డబ్బా లాంటిది. అడుగున మంట పుట్టించే టోపీ, దాని మీద మందు, మందు మీద ప్లాస్టిక్ గిన్నె, ఆ గిన్నె నిండా సీసపు రవ్వలు. ఒక్కో రవ్వ ఆవగింజ కన్నా కాస్త పెద్దది. అంతర్జాతీయ పోటీల్లో ఒక తూటాలో 24 గ్రాములకు మించి సీసం ఉండకూడదు. అంటే సుమారు 300 రవ్వలు. గొట్టం దాటగానే ఇవి విచ్చుకుంటూ పోతాయి. 30, 35 మీటర్ల దూరం పోయేసరికి సుమారు ఒక మీటరు వెడల్పున పరుచుకుంటాయి. మా తాతగారు జొన్న చేలో మంచె ఎక్కి వడిసెల తిప్పితే రాయి ఒకటే పోయేది. అదే గుప్పెడు ఇసుక విసిరితే ఎలా పోతుందో, షాట్‌గన్ అలా.

అయితే గుప్పెడు విసిరితే తగలడం తేలిక కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. తేలిక కాదు. ఎందుకంటే ఇక్కడ గురి కదులుతుంది.

గురి పేరు క్లే. చిన్న సాసరు బోర్లించినట్టు ఉంటుంది. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. పేరుకే మట్టి. నిజానికి సున్నపురాయి పొడినీ కీలునూ కలిపి అచ్చు పోసింది. ఒక యంత్రం దాన్ని గిరగిరా తిప్పుతూ గాల్లోకి విసురుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా, కొన్నిసార్లు అంతకు మించి కూడా పోతుంది.

దీని పుట్టుక నేను ఇక్కడి పిల్లలకు కార్బిన్స్ కోవ్ ఒడ్డున చెప్పాను. మీరు బల్లపరుపు చిల్లపెంకు ఏరి నీళ్ల మీద కప్పగెంతులు వేయిస్తారు కదా? అమెరికాలో సిన్సినాటి నగరానికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ అనే ఆయన, కుర్రాళ్లు ఆల్చిప్పలను నీళ్ల మీద అలా విసురుతుంటే చూశాడట. చిప్ప గాలిని కోసుకుంటూ పోవడం చూసి ఆయనకు ఆలోచన వచ్చిందని చెబుతారు. 1880లో ఆయన కాల్చిన మట్టితో పళ్లేలు చేయించి, వాటిని విసిరే యంత్రంతో సహా పేటెంటు పుచ్చుకున్నాడు. మొదట చేసినవి మరీ గట్టిగా ఉండి, రవ్వ తగిలినా పగలకుండా గంటలా మోగేవట. తర్వాత మట్టి పోయి కీలు, సున్నపురాయి వచ్చాయి. పేరు మాత్రం మిగిలిపోయింది.

అంతకుముందు ఏం కాల్చేవారో తెలుసా? బతికున్న పావురాలను. బుట్టలో పెట్టి, తాడు లాగి మూత తెరిచి, ఎగిరినదాన్ని ఎగిరినట్టే కొట్టేవారు. 1900లో పారిస్ ఒలింపిక్స్ సందర్భంగా కూడా ఇలాంటి పోటీ జరిగింది. సుమారు 300 పావురాలు చచ్చిపోయాయి. ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ ఈ పళ్లేన్ని మట్టి పావురం అనే పిలుస్తారు. నికోబార్ పావురం బొమ్మను మీరందరూ చూసే ఉంటారు, మెడ చుట్టూ ఆకుపచ్చ జూలు వేసుకుని రాజుగారిలా ఉంటుంది. ఆల్చిప్పలు విసిరిన ఆ కుర్రాళ్లెవరో గానీ, ఎన్ని పక్షుల ప్రాణాలు కాపాడారో వాళ్లకు తెలిసి ఉండదు.

మళ్లీ మైదానానికి వద్దాం. తుపాకీ ఇచ్చే ముందు సుబేదారుగారు మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. "చేతులు రెండూ ముందుకు చాపండి. అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో రూపాయి బిళ్లంత కన్నం వదలండి. రెండు కళ్లూ తెరిచి, ఆ కన్నంలోంచి నా ముక్కు చూడండి" అన్నారు. చూశాం. "ఇప్పుడు ఎడమ కన్ను ముయ్యండి. ముక్కు కనబడుతోందా?"

నాకు కనబడలేదు. ఆయన ముక్కు ఉండాల్సిన చోట నా బొటనవేలు ఉంది. కుడి కన్ను మూసి ఎడమది తెరిస్తే మళ్లీ ముక్కు ప్రత్యక్షం.

"మీది ఎడమ కన్ను మేడమ్" అన్నారాయన. రాసేది కుడిచేత్తోనే కదండీ అంటే, "చెయ్యి వేరు, కన్ను వేరు" అని నవ్వారు.

విషయం ఏమిటంటే, మనం రెండు కళ్లతో చూస్తున్నామనుకుంటాం గానీ, గురి చూసేటప్పుడు మెదడు ఒక కంటి మాటే ఎక్కువగా వింటుంది. దాన్ని మాస్టర్ ఐ అంటారు. పెద్దకన్ను అందామా? మూడింట రెండు వంతుల మందికి కుడికన్ను పెద్దరికం చేస్తుంది. మిగతావాళ్లలో చాలామందికి ఎడమది. ఇది చూపు బాగుండటానికీ బాగుండకపోవడానికీ సంబంధించింది కాదు. అద్దాలున్నా లేకున్నా ఇది ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాడికి ఎడమకన్ను పెద్దకన్ను కావచ్చు. అలాంటివాడు తుపాకీ మడమను కుడి భుజానికి ఆనించుకుంటే, గొట్టం కుడికంటి కింద ఉంటుంది, మెదడేమో ఎడమకంటి చూపును పట్టుకుని ఉంటుంది. తుపాకీ సరిగ్గా పెట్టాననుకుంటాడు. కానీ గొట్టం ఇంకో వైపు చూస్తుంటుంది. ఎంత శ్రద్ధగా గురి చూస్తే అంత శ్రద్ధగా తప్పుతుంది.

నాకు ఆ క్షణంలోనే డిసెంబరు బస్సు గుర్తొచ్చింది. నేలమీద పడుకున్నప్పుడు ఆ అమ్మాయి ముఖం కూడా గుర్తొచ్చింది. ఎడమకన్ను మూయమని చెబితే మూయలేక, రెండు కళ్లూ కలిపి చికిలించి అవస్థ పడుతోంది. ఒక్క కన్ను మాత్రమే మూయడం అందరికీ రాదు. మీ ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించి చూడండి. ఎవరికో ఒకరికి రాదు.

దీనికి మందు చాలా చిన్నది. ఒకటి, తుపాకీని పెద్దకన్ను వైపు భుజానికి మార్చుకోవడం. రెండు, ఆ కంటి ముందు కళ్లద్దానికి చిన్న మసక కాగితం అంటించడం. కన్ను తెరిచే ఉంటుంది, కానీ స్పష్టంగా చూడలేదు కాబట్టి పెత్తనం రెండో కంటికి పోతుంది. ఎయిర్ రైఫిల్ పోటీల్లో ఆటగాళ్ల ఎడమ కంటి దగ్గర చిన్న తెల్ల రేకు ఉండటం టీవీలో చూసి నేను అదేదో ఫ్యాషన్ అనుకునేదాన్ని. నా అద్దానికి సుబేదారుగారు టేపు ముక్క అంటించారు.

చెవుల్లో బిరడాలు, కళ్లకు అద్దాలు. తుపాకీ సుమారు మూడున్నర కిలోలు. మడమను భుజం గుంటలో గట్టిగా ఆనించాలి, చెంపను చెక్కకు తాకించాలి. గట్టిగా ఆనించకపోతే ఏమవుతుందో తొమ్మిదో తరగతివాళ్లు లెక్కగట్టగలరు. 24 గ్రాముల సీసం సెకనుకు 400 మీటర్ల వేగంతో ముందుకు పోతే, 3.5 కిలోల తుపాకీ వెనక్కి ఎంత వేగంతో రావాలి? 0.024ను 400తో గుణించి 3.5తో భాగిస్తే సెకనుకు 2.7 మీటర్లకు పైగా వస్తుంది. మందు కాలి పుట్టిన వాయువులనూ లెక్కలో వేస్తే ఇంకా ఎక్కువ. న్యూటన్ మూడో సూత్రం నా భుజం మీద మూడు రోజులపాటు నేరేడుపండు రంగులో ఉంది. మొదటి తూటాకు నేను భయంతో భుజాన్ని వెనక్కి లాక్కున్నాను మరి.

"పుల్" అని అరిస్తే క్లే వస్తుంది. మొదటి ఎనిమిదీ పోయాయి. ఎగిరిపోయి దూరంగా గడ్డిలో పడి, కొన్ని ముక్కలు కాకుండా చక్కగా కూర్చున్నాయి కూడా. ప్రతిసారీ వెనకనుంచి ఒకటే మాట: "తుపాకీ ఆపకండి మేడమ్!"

నేను చేస్తున్నది ఏమిటంటే, క్లే వెంట గొట్టాన్ని తిప్పుతూ పోయి, సరిగ్గా దాని మీదికి వచ్చాననుకోగానే, చెయ్యి ఆపి, ట్రిగ్గర్ నొక్కుతున్నాను. బోర్డు మీద గీత గీసేటప్పుడు చివరికి రాగానే సుద్దముక్క ఆపినట్టు. అక్కడే తప్పు. లెక్క చూడండి. క్లే అడ్డంగా గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు 20 మీటర్లు. రవ్వలు 30 మీటర్ల దూరం చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ పదో వంతులో క్లే రెండు మీటర్లు ముందుకు పోయింది. అంటే నేను గురి చూసిన చోటికి నా రవ్వలు చేరేసరికి అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. తరగతి గది తలుపు ఎత్తు అంత దూరం అవతల క్లే హాయిగా పోతోంది. రవ్వలు విచ్చుకునేది ఒక మీటరు మేరకే కాబట్టి అవీ ఆదుకోవు.

కాబట్టి కొట్టాల్సింది గురి ఉన్న చోట కాదు, గురి ఉండబోయే చోట. పరుగెత్తే లేగదూడను పట్టుకోవాలంటే దాని వెనక పరుగెత్తం, ఎదురు పోతాం. ఇదీ అంతే. అలాగని గాల్లో స్కేలు పెట్టి రెండు మీటర్లు కొలవడానికి కుదరదు. క్లే గాల్లో ఉండేది రెండు మూడు సెకన్లు. సుబేదారుగారు నేర్పింది ఇది: గొట్టం క్లే వెనక నుంచి బయల్దేరాలి, దాన్ని దాటాలి, దాటుతుండగా నొక్కాలి, నొక్కాక కూడా చెయ్యి అలా పోతూనే ఉండాలి. చూపు మాత్రం క్లే మీదే. గొట్టాన్ని చూడకూడదు. రైఫిల్‌లో గురి, ముల్లు రెండూ జాగ్రత్తగా చూసుకుని ఊపిరి బిగబట్టి ఆగాలి. షాట్‌గన్‌లో ఆగినవాడు ఓడిపోతాడు. చెయ్యి దానంతట అదే చూపు వెంట పోతుంది. బంతి పట్టేటప్పుడు మీరు మీ అరచేతిని చూసుకోరు కదా, బంతినే చూస్తారు. అలాగే.

తొమ్మిదోది పగిలింది. ఆకాశంలో నల్లటి పొడి ఒక పువ్వులా విచ్చుకుంది. శబ్దం చెవుల బిరడాల్లోంచి వినబడలేదు. నేను ఎగిరి గంతేశాను, వెంటనే చీవాట్లు తిన్నాను. తుపాకీ చేతిలో ఉండగా గంతులేమిటి! వంచి, ఖాళీ చేసి, అప్పుడు గంతెయ్యాలి. మొత్తం 25 తూటాల్లో నాకు తగిలినవి ఆరు. మా తమ్ముడికి పద్నాలుగు. ఆ సంగతి వాడు ఇప్పటికీ ఫోనులో గుర్తు చేస్తుంటాడు.

ఈ ఆటలో ఒలింపిక్స్‌లో ఉన్నవి ట్రాప్, స్కీట్. ట్రాప్‌లో ఆటగాడికి 15 మీటర్ల ముందు, నేలలోని గుంతలోంచి క్లే దూరంగా పోతుంది, ఎటు పోతుందో ముందు తెలియదు. రౌండుకు 25. స్కీట్‌లో ఎడమ పక్క ఎత్తుగా ఒక గూడు, కుడి పక్క కిందుగా ఒక గూడు ఉంటాయి. వాటిలోంచి క్లే అడ్డంగా పోతుంది. ఆటగాడు ఎనిమిది స్థానాలు మారుతూ కొట్టాలి. మనవాళ్లలో బికనీర్ మహారాజు కర్ణీసింగ్ 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో రజతం తెచ్చారు. సైన్యంలో అధికారిగా ఉన్న రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డబుల్ ట్రాప్‌లో రజతం గెలిచారు. వ్యక్తిగత విభాగంలో స్వతంత్ర భారతానికి అదే మొదటి రజతం. మన హైదరాబాద్ ఆటగాడు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టుతో స్వర్ణం తెచ్చారు.

అమ్మాయిలకు ఇంకో కథ చెప్పాలి. 1992 బార్సిలోనాలో స్కీట్ పోటీ మగవాళ్లకూ ఆడవాళ్లకూ కలిపి ఒకటే. చైనా అమ్మాయి ఝాంగ్ షాన్ అందరినీ దాటి స్వర్ణం గెలిచింది. తర్వాత ఏమైందనుకున్నారు? 1996 ఒలింపిక్స్‌లో స్కీట్‌లో ఆడవాళ్లకు చోటే లేదు. ఆడవాళ్ల స్కీట్ వేరుగా 2000 సిడ్నీలోగాని రాలేదు. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. షాట్‌గన్ ఖరీదైన ఆట. తుపాకీ ఒక్కసారి కొంటారేమో గానీ, తూటాలు రోజూ ఖర్చే. రాజులూ సైనికులూ ఈ ఆటలో ఎక్కువగా కనబడటానికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మన విద్యాలయాల క్రీడల్లో ఉన్నవి ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే, లేదా ఎన్.సి.సి.లో. తుపాకీ ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం లైసెన్సు కావాలి. 1959 ఆయుధాల చట్టం ఉంది. దానికి ముందు 1878లో ఇంగ్లీషువాళ్లు చేసిన చట్టం ఉండేది. అది ప్రజల చేతుల్లో ఆయుధాలు లేకుండా చూడటానికి చేసింది. అందుకే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళానికి తుపాకులు కావలసి వస్తే చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికే పోవలసి వచ్చింది. ఆ దళంలోని గాం మల్లుదొరను పంపించింది ఈ ద్వీపాలకే. సెల్యులర్ జైలుకు వెళ్లినప్పుడు ఆయన పేరు తలుచుకోండి. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికల్లో ఆయన లోక్‌సభకు గెలిచారు.

సెలవులయ్యాక పోర్ట్ బ్లెయిర్ వచ్చాను. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మారింది గానీ నా నోటికి పాత పేరే వస్తుంది. జూలైలో, వాన తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, పిల్లలను పడౌక్ చెట్టు కింద నిలబెట్టి అరచేతుల మధ్య కన్నం చేయించాను. ఎదురుగా జెండా కర్ర చూడమన్నాను. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే, "మేడమ్, నాకు మాయమైంది!" అని అరవడం మొదలుపెట్టారు. కుడిచేత్తో రాసేవాళ్లలోనే ఎడమకన్నువాళ్లు పదిమంది దాకా తేలారు.

ఆ అమ్మాయి చివరి వరుసలో ఉంది. చేతులు చాపింది. ఎడమ కన్ను మూయమంటే మూయలేకపోయింది, అరచేత్తో మూసుకోమన్నాను. కాసేపు అలాగే ఉండి చేతులు దించింది. "మేడమ్, జెండా కర్ర పోయింది" అంది మెల్లగా. మళ్లీ చేసింది. మూడోసారి ఎవరూ చెప్పకుండానే చేసింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి, "అయితే ఆ రోజు నేను కొట్టినవి ఎటు పోయాయి?" అని అడిగింది.

"తుపాకీ చూసిన వైపే పోయి ఉండాలి. నువ్వు చూసిన వైపు వేరే" అన్నాను.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఒక చీపురుకట్టను భుజానికి ఆనించుకుని, గోడ మీద గీసిన సుద్ద చుక్కకు గురి పెట్టేది. ఎడమ భుజం ప్రయత్నించింది. "ఎవరి చెయ్యో అరువు తెచ్చుకున్నట్టుంది మేడమ్" అని మళ్లీ కుడికే మార్చింది. పాత కళ్లద్దాల ఫ్రేముకు ఎడమ వైపు ట్రేసింగ్ కాగితం అంటించుకుంది. డిసెంబరు ఫైరింగ్ కోసం రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంకో బడి మాట ఎత్తలేదు.

అక్టోబరులో వాళ్ల నాన్నగారికి కొచ్చి పోస్టింగ్ వచ్చింది.

వెళ్లే ముందు రోజు స్టాఫ్‌రూముకు వచ్చింది. సంచిలోంచి ఎనిమిది మడతల కాగితం తీసి, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. చిల్లు లేని కాగితమే. దాన్ని తిరగేసి, "దీని వెనక రాసివ్వండి మేడమ్, అక్కడ ఎన్.సి.సి. వాళ్లకు చూపిస్తాను" అంది. రాశాను: ఈ అమ్మాయిది ఎడమ కన్ను. కుడి భుజం మీద రైఫిల్ పెట్టించేటప్పుడు ఎడమ కంటికి మసక కాగితం అడ్డం పెట్టించండి. అప్పుడు చూడండి.

చదువుకుని, కాగితం మళ్లీ నా వైపు జరిపింది.

"కింద హిందీలో కూడా రాయండి మేడమ్. అక్కడ తెలుగువాళ్లు ఉంటారో లేదో."